నా రిపోర్టు ముందు నేనే వినాలి

మేం పోయే ప్రొద్దుటూరు ఆసుపత్రికి ఒక వెబ్‌సైటు ఉందని నాకు తెలిసింది, నా పరువు వాళ్ళ హాల్లో పోయిన రోజునే.

స్కానింగు రిపోర్టు కోసం అమ్మా నేనూ కౌంటరు దగ్గర నిలబడ్డాం. నాకు రెండు కళ్ళూ కనపడవు. అమ్మకు చదువు రాదు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కవరు చింపి, "చదివి చెప్పాల్నా?" అని అడిగి, మేం సరే అనకముందే మొదలుపెట్టింది. బస్టాండు మైకులో మాట్లాడాల్సిన గొంతు ఆమెది. దానికి తోడు కరెంటు పోయి ఫ్యాన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి, మూలన కూర్చున్నవాళ్ళకు కూడా స్పష్టంగా వినపడింది. నా గర్భసంచిలో గడ్డ ఎక్కడుంది, ఎంతుంది, నెలసరి ఎలా తప్పుతోంది, ఇంకా పెళ్ళి కాలేదు, అన్నీ. ఆసుపత్రి హాల్లో మామూలుగా పిల్లలు ఏడుస్తుంటారు. ఆరోజు పిల్లలు కూడా ఊరుకున్నారు.

"ఎందుకు మా, అంత గట్టిగా చదువుతాండావు?" అన్నాను.

"మీకు కనపడదు గదా," అంది, నిజంగా నాకు సాయం చేస్తున్నట్టుగానే.

మేం ఆటో దిగేసరికి మా వీధిలో ఒకామె అమ్మను పక్కకు పిలిచి, "గర్భసంచి తీసేస్తారంట గదా?" అని అడిగింది. నా కడుపులోని గడ్డ నాకంటే ముందు ఇల్లు చేరింది. అమ్మ ఆ సాయంత్రం తలుపేసుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

డాక్టరమ్మ భయపడాల్సిందేమీ కనపడటం లేదంది. మందులు వాడమంది. వానలు వెనకబట్టినాక మళ్ళీ స్కాన్ చేద్దాం, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం అంది. ఆ మాట విన్నప్పుడే గట్టిగా అనుకున్నాను. ఆ రెండో రిపోర్టులో ఏముందో ఈ భూమ్మీద అందరికంటే ముందు నాకు తెలియాలి. ఎవరి నోటి నుంచీ కాదు, అమ్మ నోటి నుంచి కూడా కాదు. రిపోర్టులు వెబ్‌సైట్లో కూడా పెడుతున్నాం, ఇంట్లోనే చూసుకోవచ్చు అని గోడ మీద రాసి ఉందని అమ్మకు ఎవరో చెప్పారు. ఆ ఒక్క ముక్క పట్టుకున్నాను.

నాకు ఇంత మొండితనం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆసుపత్రి అంటే నాకు మొదటినుంచీ పడదు. మాది జమ్మలమడుగు పక్కన నల్లరేగడి నేలల్లో ఒక ఊరు. ఊరు రెండు ముక్కలు. ఈ వీధి ఒక పార్టీ, ఆ వీధి ఇంకో పార్టీ. నాయన మాత్రం ఏ పక్కా లేకుండా శనగా జొన్నా పండించుకునేవాడు. మా జొన్నచొప్ప వామిలో ఎవరో మమ్మల్ని అడక్కుండానే బాంబులు దాచిపోయారు. ఆడుకుంటూ వామిలో చెయ్యి పెట్టింది నేను. ఆ తర్వాత ఏదీ చూడలేదు.

ఆసుపత్రిలో నా మంచం దగ్గరికి ఒక నాయకుడొచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు, ఫోటోలు తీయించుకున్నాడు. మరుసటి రోజు రెండో నాయకుడొచ్చాడు. ఆయనా బత్తాయిలే తెచ్చాడు. ఇద్దరి మనుషులూ నాయన్ను అడిగింది ఒకే ప్రశ్న: "మీరు ఎవురి మనుషులప్పా?" మేం ఎవరి మనుషులమూ కామని నాయన అన్నాడు. దానికి రెండు పక్కలవాళ్ళకూ కోపం వచ్చింది. మేం ఊరు విడిచి ప్రొద్దుటూరు చేరాం. ఆ తర్వాత ఏ ఆసుపత్రికి పోయినా, కళ్ళు ఎట్లా పోయినాయి అని అడిగేవాళ్ళు, చెప్పగానే ఏ ఊరు అనేవాళ్ళు, ఆ వెంటనే ఎవరి మనుషులు అనేవాళ్ళు. నొప్పి ఎక్కడ అని అడగడానికి చాలాసేపు పట్టేది. నాయన పోయి ఏళ్ళయింది. ఆయన చెప్పిన జవాబే ఇప్పటికీ నాదీ.

నేను అంధుల స్కూల్లో చదువుకుని, పులివెందులలో ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయి రావడం. తర్వాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి నా టెలిఫోన్లకు పని పోయింది. బ్యాంకు నాకు మాట్లాడే కంప్యూటరు ఇచ్చి వేరే పని నేర్పింది. తెర మీద ఉన్న అక్షరాలను అది పైకి చదువుతుంది. నా ఫోనూ అంతే. అయితే అక్షరం అక్షరంగా ఉండాలి. అక్షరాలను ఫోటో తీసి పెడితే దానికి అది ఉత్త బొమ్మ. "గ్రాఫిక్" అని చెప్పి ముందుకు పోతుంది. ఆ బొమ్మ దేనిదో నాలుగు మాటలు వెనకాల రాసి పెడితే ఆ మాటలు చదువుతుంది. అదేమంత కష్టమైన పని కాదు, రాయాలన్న బుద్ధి ఉండాలంతే.

బ్యాంకులో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆసుపత్రి వెబ్‌సైటు తెరిచాను. గ్రాఫిక్. కింద ఇంకో గ్రాఫిక్. దాని కింద కూడా గ్రాఫిక్. టోకెను ఎక్కడ తీసుకోవాలో లేదు, డాక్టరు ఏ రోజు ఏ ఊర్లో కూర్చుంటుందో లేదు, రిపోర్టు ఎక్కడుందో లేదు. పక్క టేబులు ఆమెను పిలిచి, ఇందులో ఏముందో చెప్పమన్నాను. ఆమె చూసి పకపకా నవ్వింది.

"ఇది వెబ్‌సైటు కాదు మేడం, ఫ్లెక్సీ!"

విషయం ఏమిటంటే, ఆ డాక్టరమ్మ ప్రొద్దుటూరులో ఉండేది, వారానికి ఒకసారి పులివెందులకు, ఒకసారి జమ్మలమడుగుకు వచ్చి చూసేది. అందుకని వెబ్‌సైట్లో మూడు ఊర్లకూ మూడు పేజీలు. పులివెందుల పేజీ నెత్తిన ఒక పార్టీ నాయకులు. జమ్మలమడుగు పేజీ నెత్తిన ఇంకో పార్టీ నాయకులు. ప్రొద్దుటూరు పేజీలో రెండు పార్టీలవాళ్ళూ, ఒకరి తల ఒకరి తలకంటే వెంట్రుకవాసి పెద్దది కాకుండా కొలిచి పెట్టారట. వాళ్ళందరి కింద చేతులు జోడించిన డాక్టరమ్మ. ఆమె కింద ఎక్కడో టోకెను. అంతా కలిపి ఒక ఫోటో. మా పక్క బాంబులు తగ్గిపోయి ఫ్లెక్సీలు పెరిగిన కాలం అది. కొట్లాటలు కూడా నరకడాల నుంచి చింపడాల దాకా దిగొచ్చాయి. నిన్న ఎవరి ఫ్లెక్సీ చింపారు, ఎవరి తల పెద్దగా వేశారు, ఇవే గొడవలు.

దాన్ని చేసింది బంగారు అంగళ్ళ వెనక వీధిలో ఫ్లెక్సీలు కొట్టే ఆయన. ఆదివారం పూట అమ్మను వెంటబెట్టుకుని పోయాను. దసరాకు, పుట్టినరోజులకు, ఎలక్షన్లకు ఊపిరాడని మనిషి. ఆరోజూ పని మీదే ఉన్నాడు.

"వెబ్‌సైటంటే ఏముందక్కా, తాడు లేకుండా కట్టే ఫ్లెక్సీ," అన్నాడు గర్వంగా. "తెలుగు అక్షరాలు ఒక్కో ఫోన్లో ఒక్కో రకంగా చెదిరిపోతాండాయని మొత్తం ఫోటో చేసి పెట్టినా. ఎవురు చూసినా అక్షరం కదలదు."

"సరే అన్నా, నా ఫోను తీసుకో. తెర బోర్లా పెట్టి, చెవితో విని నాకు ఒక టోకెను తీసియ్యి," అన్నాను.

ఆయన విన్నాడు. గ్రాఫిక్ అంది. తెర మీద వేలితో ఇంకోసారి తోశాడు, మళ్ళీ గ్రాఫిక్. మంచి మనిషి, పౌరుషం ఉన్న మనిషి, వెంటనే వదల్లేదు. చాలాసేపు తోసి తోసి, "ఇదేందక్కా, నా పనితనమంతా దీనికి ఒక్క మాటేనా?" అని నొచ్చుకున్నాడు. అక్షరాలుగా పెట్టడానికి తనకు అభ్యంతరం లేదన్నాడు, ఇప్పుడు ఏ ఫోన్లోనూ చెదరని అక్షరాలు వచ్చాయని ఆయనే చెప్పాడు. కానీ ఆసుపత్రి మేనేజరు ఊ అనాలి.

అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికే పోయాం. మేనేజరు ఊ అనలేదు.

"చూడుమా, మా సైటు ఎంతమంది గుడ్డోళ్ళు చూస్తారు?"

"ఒక్కరూ చూడరు సార్. అందుకే వచ్చినా."

అమ్మ నా చెయ్యి గిల్లింది. ఆమెకు నా నోరంటే భయం. నేను ఆగలేదు. రిపోర్టు సంగతి అడిగాను. ల్యాబులో రిపోర్టును కంప్యూటర్లోనే టైపు చేస్తారు. దాన్ని కాగితం మీద తీసి, సంతకం పెట్టి, సీలు వేసి, ఆ కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి సైట్లో పెడతారు. అంటే నేను చదవగలిగిన రిపోర్టు ఆ గదిలో ఉండనే ఉంటుంది, నా దాకా వచ్చేలోపు వీళ్ళే దాన్ని బొమ్మ చేస్తారు. టైపు చేసింది కూడా పక్కనే పెట్టండి అన్నాను. సీలు లేకుంటే అది రిపోర్టు ఎట్లయితాది అన్నాడు. సీలు మీ దగ్గరే పెట్టుకోండి, నాకు అందులోని సంగతి చాలు అన్నాను. మాలాంటివాళ్ళ కోసం చట్టం ఉంది సార్ అని కూడా అన్నాను.

ఆయన కుర్చీ వెనక్కి వాల్చిన చప్పుడైంది. "చట్టం కడపలో ఉంటాది మా. ఈడ మేముంటాం. అయినా నీకెందుకింత తిప్పలు? మీరు ఎవురి మనుషులో చెప్పు, వాళ్ళతో ఒక మాట చెప్పించు, నీ రిపోర్టు మనిషితో ఇంటికే పంపిస్తా."

ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే ప్రశ్న. నా రిపోర్టు ఇంటికి తెచ్చే మనిషి దారిలో నాలుగు చోట్ల టీ తాగుతాడు, నాలుగు చోట్లా నా కడుపు సంగతి చెప్తాడు. లేచి వచ్చేశాను.

బయట మెట్ల పక్కన చక్రాల బండ్ల కోసం ఏటవాలు దారి ఒకటి కట్టారు. దాని మీద నుంచి దిగుదామని పోతే మోకాలికి స్కూటరు తగిలింది. దాని వెనక ఇంకో స్కూటరు. ఆ దారి పొడుగునా స్టాండు వేసి ఉన్నాయట. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆమెకు చెవులు వినపడవు, మాటా రాదు, ఆమె ఈ ఆసుపత్రిలోనే చూపించుకునేది. వివరాలకు ఫోన్ చేయండి అని సైట్లో పెద్ద అక్షరాలతో ఉందని ఆ సాయంత్రం ఆమె నా అరచేతిలో వేలితో రాసి చెప్పి, చప్పుడు లేకుండా నవ్వింది, ఆ కుదుపు నా చేతికి తెలిసింది. ఫోను ఆమెకు గడియారం చూసుకోవడానికి, మెసేజీలకు తప్ప దేనికి? ఆ నవ్వు నా కోపానికి ఇంకాస్త నూనె పోసింది.

సోమవారం బ్యాంకుకు సెలవు పెట్టాను. సోమవారం ఆ హాలు కిటకిటలాడుతుంది. జమ్మలమడుగు వైపు పల్లెలవాళ్ళు, వీరపునాయునిపల్లె వాళ్ళు, చెన్నూరు నుంచి కూడా వస్తారు. అందులో ఈ పార్టీవాళ్ళుంటారు, ఆ పార్టీవాళ్ళుంటారు, పక్కపక్క కుర్చీల్లో జ్వరాలతో మర్యాదగా కూర్చుంటారు. నేను కౌంటరు ముందు నిలబడి ఫోను స్పీకరు పెద్దగా పెట్టాను.

"గ్రాఫిక్," అంది ఫోను.

"ఇది ఏం బొమ్మ మా?" అన్నాను కౌంటరు అమ్మాయితో. "నాకు కనపడదు. మీరే చదివి చెప్పాల. మొన్న బాగా చదివినారు, అంతే గట్టిగా చదవండి."

పాపం, ఆ అమ్మాయి మొదలుపెట్టింది. మొదట ఒక నాయకుని పేరు చెప్పింది. "ఆయన పక్కన ఎవరు?" అన్నాను. చెప్పింది. "ముందు ఉండేది ఎవరు, వెనక ఉండేది ఎవరు?" అన్నాను. "ఇద్దరూ సమానమేనండీ," అంది. "మరి నువ్వు ఆయన పేరు ముందెందుకు చెప్పినావు?" అన్నాను. నా వెనక కుర్చీల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అవును, ముందు ఆయన పేరెందుకు చెప్పినావు మా?" అన్నాడు. ఇంకో వరసలో నుంచి, "చెప్తే ఏమైతాది, ఉండేది ఆయనే గదా ముందు," అన్నారు ఎవరో. "యాడ ముందు? ఎవురు ముందు?" అని ఇంకొకరు లేచారు. జ్వరాలు దిగిపోయాయి. కుర్చీలు జరిగిన చప్పుళ్ళు వినపడుతున్నాయి. నేను కదల్లేదు. "మూడో బొమ్మ ఎవరిది మా?" అన్నాను.

మేనేజరు పరిగెత్తుకొచ్చి నన్ను తన గదిలోకి లాక్కుపోయినంత పని చేశాడు. నాకు లోపల భయంగానే ఉంది. అయినా ఆ భయం కింద ఒక సంతోషం ఉంది, దాన్ని దాచుకోవడం నా వల్ల కాలేదు.

"తల్లీ, నీకు ఏం కావాల్నో చెప్పు," అన్నాడు. ఫ్లెక్సీ ఆయన్ను కూడా ఫోను చేసి పిలిపించాడు. నాకు కావాల్సినవి వరసగా చెప్పాను. అక్షరాలు అక్షరాలుగా ఉండాలి. రిపోర్టు టైపు చేసింది పెట్టాలి. ఫోను నంబరు పక్కన మెసేజీ పంపే నంబరూ ఉండాలి. మెట్లు లేని దారి ఏ పక్క ఉందో రాయాలి, రాసేముందు స్కూటర్లు తీయాలి. అన్నింటికీ మేనేజరు తల ఊపాడట, ఫ్లెక్సీ ఆయన చెప్పాడు. చివరికి మేనేజరు అసలు భయం బయటపెట్టాడు.

"అన్నీ సరే. నాయకుల ఫోటోలు మాత్రం తీసేదానికి లేదు. తీస్తే ఆసుపత్రికి అద్దాలు మిగలవు. ఉంచితే నీ మిషను పేర్లు చదువుతాది అంటాండావు. ఫోటోలో అయితే సమానంగా కొలిచి పెట్టినాం. నోటితో చదివేటప్పుడు ఎవురో ఒకరు ముందు రావాల గదా! ఎవుని పేరు ముందు చదువుతాది?"

"ఎవుని పేరూ చదవదు సార్," అన్నాను.

వెబ్‌సైట్ల వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పనికొచ్చే బొమ్మ అయితే వెనకాల మాటలు రాస్తారు. పువ్వులు, తీగలు, గీతలు, ఉత్త అందం కోసం పెట్టినవైతే, ఇది అలంకారం అని గుర్తు పెట్టి ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు చదివే మిషను గ్రాఫిక్ అని కూడా అనకుండా దాన్ని దాటేసి పోతుంది. ఆ సంగతి చెప్పాను. కళ్ళున్నవాళ్ళకు నాయకులు ఎక్కడివాళ్ళక్కడే కనపడతారు, కొలతలు కూడా మారవు. మాకు మాత్రం నేరుగా టోకెను వస్తుంది.

ఫ్లెక్సీ ఆయన ముందుగా నవ్వాడు. "అంటే అక్కా, వీళ్ళందరినీ తీగలూ పువ్వుల కింద రాసేయమంటావా?"

"రాసెయ్ అన్నా."

"వాళ్ళకు తెలిస్తే?" అన్నాడు మేనేజరు.

"తెలియాలంటే వాళ్ళు కళ్ళు మూసుకుని వినాల సార్. ఎప్పుడన్నా విన్నారా?"

అట్లా మా కడప జిల్లాలో ఒక మూల, రెండు పార్టీల పెద్దలూ నా చెవికి తీగలూ పువ్వులూ అయిపోయారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. కొన్ని రోజుల్లో నా టోకెను నేనే తీసుకున్నాను. ఏ ఊరు, ఎవరి మనిషివి అని అడక్కుండా ఒక ఆసుపత్రి నా పేరు రాసుకోవడం నా జీవితంలో అదే మొదలు. జాకెట్లు కుట్టే ఆమె మెసేజీ పెట్టి అపాయింట్‌మెంటు తీసుకుని, ఆ సంబరంలో నా జాకెట్టు ఊరికే కుట్టి ఇచ్చింది.

వానలు వెనకబట్టాయి. మళ్ళీ స్కాన్ చేశారు. ముక్క తీసి పరీక్షకు పంపాలి అన్నారు, తీశారు, పంపారు. రిపోర్టు వచ్చే వారంలో సైటు తెరిస్తే నా ఫోను దండకం అందుకుంది. పేదల పాలిటి దైవం, బడుగుల ఆశాజ్యోతి, అభివృద్ధి ప్రదాత అని ఒక నాయకుని పేరు. ఆ వెంటనే ఇంకో దండకం, ఇంకా పొడుగ్గా, ఇంకో నాయకునిది. అట్లా వరసగా అందరివీ. మధ్యలో దాటడానికి దారి లేదు. రిపోర్టు ఎక్కడో అడుగున.

ఏం జరిగిందో ఫ్లెక్సీ ఆయన చెప్పాడు. జమ్మలమడుగులో ఒక పార్టీ వికలాంగుల విభాగానికి పెద్దగా ఉన్న ఒకాయనకు కళ్ళు లేవు, ఒక చెయ్యి లేదు. ఫ్యాక్షన్ రోజుల్లో తాను చుడుతున్న బాంబే చేతిలో పేలిందట. ఆయన కూడా నాలాగే మాట్లాడే ఫోను వాడతాడు. సైటు విన్నాడు. డాక్టరు పేరు చదువుతాంది, టోకెను చదువుతాంది, మా నాయకుని పేరెందుకు చదవదు అని ఆసుపత్రికి ఫోను చేసి గర్జించాడు. మేనేజరు వణికిపోయి పేర్లు రాయించాడు. సంగతి తెలిసి రెండో పార్టీవాళ్ళు అంతకంటే పొడుగు బిరుదులు పంపారు. కళ్ళు మూసుకుని వినేవాళ్ళు వాళ్ళలో లేరనుకున్నాను. వాళ్ళ బాంబులు వాళ్ళను మాత్రం వదులుతాయా, ఆ లెక్క నేను వేసుకోలేదు.

ఆయన నంబరు సంపాదించి జమ్మలమడుగు పోయాను. వాళ్ళ వాకిట్లో మంచాల మీద పదిమంది దాకా అనుచరులున్నట్టు గొంతులను బట్టి తెలిసింది. నేను ఎవరో చెప్పాను. నా కళ్ళు ఎట్లా పోయాయో అడిగాడు. ఊరి పేరూ, వామి సంగతీ చెప్పాను.

"మీ వామిలో పెట్టింది మేము కాదు మా. వాళ్ళు," అన్నాడు.

"ఎవరు పెట్టినా చెయ్యి పెట్టింది నేను మామా."

నాకు ఆయన మీద జాలి కలగలేదు, కలిగిందని అబద్ధం చెప్పను. కానీ అక్కడికి తగవుకు పోలేదు, పని మీద పోయాను. "నీ ఆరోగ్యం ఎట్లుంది మామా?" అన్నాను. సుగరు ఉందన్నాడు. ఆ ఆసుపత్రి సుగరు డాక్టరు ప్రొద్దుటూరులోనే కూర్చుంటాడు, వచ్చే వారం పోవాలన్నాడు. "టోకెను తీసుకున్నావా?" అన్నాను. "ఇంగా లేదు." "తీసుకో, వింటాను," అన్నాను.

ఫోను తీశాడు. బాంబుకు ఆయన చెవులు కూడా మందగించాయి, అందుకని ఫోను ఎప్పుడూ పూర్తి గొంతుతో పెట్టుకుంటాడు. ప్రొద్దుటూరు పేజీలో రెండు పార్టీలవాళ్ళూ ఉంటారు గదా. మొదట ఆయన నాయకుని బిరుదులు వచ్చాయి, వాకిలంతా మురిసింది. ఆ తర్వాత ఎదుటి పార్టీ నాయకుడు మొదలయ్యాడు. పేదల పాలిటి, బడుగుల, రాయలసీమ ముద్దుబిడ్డ అని, ఆయన ఫోనే, ఆయన వాకిట్లోనే, ఆయన మనుషుల ముందే గట్టిగా పొగుడుతోంది. తొందరలో ఒంటిచేత్తో ఎక్కడో నొక్కాడు, మొదటికి పోయి మళ్ళీ అంతా అందుకుంది. మంచాల మీద ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఆపు, ఆపు దీన్ని! యాడుందిమా ఆ టోకెను?"

"ఇంగా ముగ్గురున్నారు మామా," అన్నాను.

ఆయన అక్కడికక్కడే మేనేజరుకు ఫోను చేశాడు. "ఏంది నాయనా నువ్వు చేసే పని? నేను సుగరు టోకెను తీసుకోవాలంటే వాన్ని పొగడాల్నా? తీసెయ్. అందరివీ తీసెయ్. ఈమె ఎట్లా చెప్తే అట్లా చెయ్," అన్నాడు. నేను లేచేటప్పుడు, మజ్జిగ తాగిపొమ్మన్నాడు. తాగాను. మా ఊరి మజ్జిగే అది, ఉప్పూ అల్లమూ సమంగా పడ్డాయి.

రెండు రోజుల తర్వాత సాయంత్రం పులివెందుల నుంచి వచ్చే బస్సులో ఉన్నాను. ముద్దనూరు దాటినాక ఫోనుకు మెసేజీ వచ్చింది, రిపోర్టు పెట్టామని. బస్సు నిండా జనం, నా భుజానికి ఎవరి సంచో ఒరిగి ఉంది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని తెరిచాను. ఆసుపత్రి పేరు, ఆ వెంటనే రిపోర్టులు. మధ్యలో ఎవరూ లేరు. నా పేరు చదివింది. నా వయసు చదివింది. ఆ తర్వాత అసలు సంగతి చదివింది. ఒకసారి విన్నాను. వెనక్కి పోయి నిదానంగా ఇంకోసారి విన్నాను. అర్థం కాని మాట దగ్గర ఆపి అక్షరం అక్షరంగా విన్నాను. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో ఆ బస్సులో ఎవరికీ తెలియలేదు. అంతమంది మధ్యలో, నా ఒంటి సంగతి నా ఒక్కదానికే తెలుసు. ముప్ఫై ఏళ్ళు దాటిన మనిషిని, ఆ సుఖం ఎట్లా ఉంటుందో ఆరోజే తెలిసింది.

"ఏం వింటాండావు మా? పాటలా?" అంది పక్క సీటామె.

"నా కతే," అన్నాను. ఆమె నవ్వి వక్కాకు ఇచ్చింది.

ఇంటికి పోయి తలుపు మూసి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను. నాకు ఏ మాటలు బాగుంటాయనిపించిందో ఆ మాటలతో, ముందు చెప్పాల్సింది ముందు, వెనక చెప్పాల్సింది వెనక. అమ్మ అంతా విని నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి, అప్పుడు గర్భసంచి సంగతి అడిగిన వీధిలో ఆమె వచ్చింది. గడపలో నిలబడే, "రిపోర్టు వచ్చి ఉంటాది గదా వదినా, పాపకు ఏమొచ్చింది?" అని అమ్మను అడిగింది.

"నన్నెందుకు అడుగుతావు?" అంది అమ్మ. "ఆమె ఈడే కూర్చోనుంది గదా. ఆమెనే అడుగు."

ఆమె నా వైపు తిరిగినట్టుంది. నా ముందుకు వచ్చి, పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి నన్నే అడిగింది.

"చెప్పను," అన్నాను.